జీతం అన్న మాటలో దాగినవాళ్లు

రాయచూరు బజారులో ఒక తెలుగువాడు "మా అబ్బాయికి జీతం పెరిగింది" అంటే, పక్కనున్న కన్నడ మిత్రుడు నవ్వి "సంబళ అనండి" అని సరిచేస్తాడు. కన్నడంలో నెలనెలా చేతికొచ్చేది సంబళ. జీత అంటే కట్టుబానిస చాకిరీ. జీతదాళు అంటే అప్పు కింద ఒకరింటికి తాకట్టు పడిన మనిషి. మాట ఒకటే. తుంగభద్రకు ఆ ఒడ్డున అది గౌరవం, ఈ ఒడ్డున అవమానం. తెలంగాణ పల్లెకు వెళితే మన తెలుగులోనే ఆ రెండో అర్థం ఇంకా బతికి ఉంది. అక్కడ 'జీతగాడు' అంటే బ్యాంకు గుమాస్తా కాడు, దొర పశువుల కొట్టంలో పడుకునేవాడు. మన నిఘంటువులు మొదటి అర్థాన్ని ముందు వేసి రెండోదాన్ని మూలకు నెట్టాయి. ఆ మూలకు నెట్టినదాని గురించే ఈ వ్యాసం.

బానిసత్వం, దాని రద్దు, తొలి సంఘసంస్కరణ అనగానే మన కళ్ల ముందు అట్లాంటిక్ సముద్రం కనిపిస్తుంది. ఓడల జాబితాలు, తోటల యజమానుల ఉత్తరాలు, బ్రిటిష్ పార్లమెంటుకు పంపిన మహజర్లు, ఇవన్నీ అక్కడి గ్రంథాలయాలు బానిసత్వం అన్న పేరు కిందనే భద్రం చేశాయి. మన దగ్గర అలాంటి పేరుతో బీరువా లేదు. కాబట్టి ఆ జబ్బూ లేదనుకునే అమాయకత్వం మనలో చాలామందికి ఉంది. నా వాదం ఇది: మన కాగితాల్లో బానిస ఉన్నాడు. అయితే బానిస అన్న పేరు కింద లేడు. అప్పు కింద, ఆచారం కింద, సేవ కింద, జీతం కింద ఉన్నాడు. అతన్ని వెతకడానికి చరిత్రకారుడొక్కడే చాలడు, మాటల గుట్టు తెలిసిన సాహిత్య విమర్శకుడు కూడా కావాలి.

మన జిల్లాలోని అతి పాత 'పత్రం' రాతి మీద ఉంది. మస్కిలో అశోకుని శాసనం 1915లో బయటపడింది. రాజును అశోకుడన్న పేరుతో పిలిచిన శాసనంగా అది పండిత లోకంలో ప్రసిద్ధి పొందింది. మనం పేరు దగ్గరే ఆగిపోయాం. ధర్మమార్గం గొప్పవాళ్లకే కాదు, చిన్నవాడికీ అందుతుందన్న మాట కూడా అదే రాతి మీద ఉంది. నది దాటి కర్నూలు జిల్లా ఎర్రగుడి చేరితే అక్కడి పెద్ద శాసనాల్లో 'దాస భటక' అన్న జంటపదం కనిపిస్తుంది. దాసులను, కూలివాళ్లను సరిగా చూసుకోవడం ధర్మంలో భాగమని రాజు చెప్పాడు. దాసుడు ఉండకూడదని చెప్పలేదు. దాసుడు ఉన్నాడన్నది రాజుకు గాలీ నీరూ ఉన్నంత సహజమైన విషయం. దయ చూపమన్న ప్రతి వాక్యం వెనుక, ఆ దయ అవసరమైన ఏర్పాటు చెక్కుచెదరకుండా నిలబడి ఉంటుంది. సంస్కరణ సాహిత్యాన్ని చదివేటప్పుడు మనం మొట్టమొదట నేర్చుకోవలసిన పాఠం ఇదే.

తర్వాతి శతాబ్దాల శాసనాల్లో 'విష్టి' అన్న మాట వస్తుంది. తెలుగులో, తమిళంలో అది వెట్టి, కన్నడంలో బిట్టి. క్రీ.శ. 150 నాటి జునాగఢ్ శాసనంలో రుద్రదాముడు, ప్రజలను విష్టితో పీడించకుండానే చెరువు కట్ట బాగుచేయించానని గొప్పగా చెప్పుకున్నాడు. విష్టి లేకుండా కట్టడం గొప్ప అయితే, మామూలుగా ఎలా కట్టేవారో వేరే చెప్పనక్కరలేదు. దానశాసనాల్లోనూ అంతే. ఫలానా అగ్రహారానికి విష్టి మినహాయించామని రాశారు. మినహాయింపు పొందినవాడి పేరు, గోత్రం, శాఖ సహా చెక్కారు. మినహాయింపు లేని ఊళ్లో మోత మోసినవాడి పేరు చెక్కలేదు. వెట్టి గురించిన తొలి రాతలు వెట్టివాడి గురించిన రాతలు కావు.

ఇందుకు మన జిల్లాలోనే ఒక అపురూపమైన ఎదురు ఉదాహరణ ఉంది. 12వ శతాబ్దపు శరణులలో ఆయ్దక్కి మారయ్య, ఆయ్దక్కి లక్కమ్మ లింగసుగూరు తాలూకా అమరేశ్వరం వాళ్లని సంప్రదాయం. కల్యాణంలో నేలరాలిన బియ్యపు గింజలు ఏరుకుని, వాటితోనే జంగమార్చన చేసిన దంపతులు వాళ్లు. ఒకనాడు భర్త అవసరానికి మించి బియ్యం తెస్తే లక్కమ్మ ఒప్పుకోక వెనక్కి పంపిందని కథ. భక్తికథగా దాన్ని చాలామంది చెప్పారు. నాకు అందులో శ్రమశాస్త్రం కనిపిస్తుంది. తన చెమటకు మించినది ఇంటికి వస్తే అది అప్పవుతుంది, అప్పు మనిషిని కట్టేస్తుంది. గింజలేరుకునే ఇల్లాలికి ఇది తెలుసు. కాయకం అంటే తాను ఎంచుకున్న పని. వెట్టి అంటే తనను ఎంచుకున్న పని. ఈ వచనాలు తాళపత్రాల్లో ఉండబట్టి, ఫ.గు. హళకట్టి వంటివారు ఇల్లిల్లూ తిరిగి సేకరించి 1923 నుంచి అచ్చు వేయబట్టి, పని చేసినవాళ్ల గొంతు పని చేసినవాళ్ల మాటల్లోనే మనదాకా వచ్చింది. ఎనిమిది వందల ఏళ్లలో అలాంటి భాగ్యం ఎంతమంది కూలివాళ్లకు దక్కింది?

ఇదే నేల హరిదాసుల నేల కూడా. విజయదాసులది చీకలపర్వి, గోపాలదాసులది మొసరకల్లు, జగన్నాథదాసులది మాన్వి. 'దాస' బిరుదు ధరించడం వారికి సన్మానం. దేవుడికి బానిసనని చెప్పుకున్నవాడు మనిషికి బానిస కాడని దాని ధ్వని, అందులో స్వేచ్ఛ ఉంది. కాని ఆ బిరుదును కోరి తీసుకున్నవాడు ఒకడు, పుట్టుకతో నెత్తిన మోసినవాడు మరొకడు. తెలుగులో ఈ తేడాను ఉన్నవ లక్ష్మీనారాయణ పసిగట్టారనిపిస్తుంది. 1922 నాటి 'మాలపల్లి'లో తండ్రి రామదాసు, కొడుకు సంగదాసు. తండ్రి పేరులోని దాసుడు దేవుడివాడు. కొడుకు చౌదరయ్య ఇంట పాలేరు, ఆ చౌదరయ్య చేతి దెబ్బకే ప్రాణం విడిచినవాడు. ఒకే మాట, రెండు తరాలు, రెండు అర్థాలు. మద్రాసు ప్రభుత్వం ఆ నవలను నిషేధించింది. అధికారులకు సాహిత్యం అర్థం కాదంటారు గాని, కొన్నిసార్లు మన విమర్శకుల కంటే ముందే అర్థమవుతుంది.

ఇక కాగితాల కాలానికి వద్దాం. బ్రిటన్ 1833లో బానిసత్వాన్ని రద్దు చేస్తూ చేసిన చట్టంలో ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలోని ప్రాంతాలను పక్కన పెట్టింది. ఇక్కడికి 1843లో ఐదవ చట్టం వచ్చింది. అది బానిసను ఉంచుకోవడం నేరమనలేదు. మనిషి మీద మనిషికి ఆస్తిహక్కు ఉందంటే కోర్టు వినదని మాత్రం చెప్పింది. మనుషులను బానిసలుగా కొనడం, అమ్మడం 1860 నాటి శిక్షాస్మృతితో నేరమైంది. మరి యజమాని ఏం చేశాడు? మనిషి నావాడని కోర్టులో చెప్పడం మానేశాడు. వాడు నాకు బాకీ అని చెప్పడం మొదలుపెట్టాడు. ఆస్తి పత్రం అప్పు పత్రమైంది. కింద వేలిముద్ర వేసే చెయ్యి మాత్రం మారలేదు. అది కూడా నదికి ఆవల, కర్నూలు బళ్లారి జిల్లాల సంగతి. ఈవల నిజాం రాజ్యంలో ఆ మాత్రం కాగితం కూడా అవసరం లేకపోయింది. ఆచారమే దస్తావేజు.

నిజాం రాజ్యపు తెలుగువారి సంస్కరణోద్యమం ఎలా మొదలైందో మన పాఠకులకు తెలుసు. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధని ఆవరణలో సంఘసంస్కార సభ జరిగింది. కార్వే పండితుడు అధ్యక్షుడు. ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభలో గేలి చేశారు. ఆ అవమానంలోంచి ఆంధ్ర జనసంఘం పుట్టింది. ఆ సంఘమే తర్వాత మాడపాటి హనుమంతరావుగారి వంటివారి చేతుల మీదుగా వెట్టిచాకిరీ గురించి, వర్తక స్వాతంత్ర్యం గురించి, మొహతర్ఫా పన్ను గురించి చిన్న పుస్తకాలు అచ్చువేసి పంచింది. 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్రమహాసభ జరిగింది. అధ్యక్షుడు సురవరం ప్రతాపరెడ్డి. ఆయన పుట్టిన అలంపురం ప్రాంతం ఇప్పుడు జోగులాంబ గద్వాల జిల్లాలో ఉంది గాని, 1956 దాకా అలంపురం, గద్వాల తాలూకాలు రాయచూరు జిల్లావే. అంటే 'గోలకొండ పత్రిక' పెట్టినవాడు, 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' రాసినవాడు మన జిల్లా బిడ్డ. మనం ఈ సంగతి సభల్లో చెప్పుకుని మురిసిపోతాం.

మురిసిపోవడంతో పాటు ఒకటి గమనించాలి. భాషకు జరిగిన అవమానం ఒక్క రాత్రిలో సంఘమైంది. వెట్టికి జరుగుతున్న అవమానం ఎన్నో తరాలుగా ఉన్నా, దానికి సంఘం కావడానికి ఆ రాత్రి కావలసి వచ్చింది. అవమానపడ్డవాడు చదువుకున్నవాడు కావడమే దానికి కారణం. ఆ కరపత్రాల్లో వెట్టితో పాటు వర్తకుడి బాధ అంత చోటు పొందడానికీ అదే కారణం. దౌరాకు వచ్చిన అధికారికి కోమటి నామమాత్రపు ధరకు సామాను ఇవ్వవలసి రావడం నిజంగా అన్యాయమే. కాని ఆ సామాను మూట మోసుకుంటూ వెనక నడిచినవాడికి నామమాత్రపు ధర కూడా లేదు. వెట్టి అన్న ఒక్క మాటలో ఈ ఇద్దరూ కలిసి ఉన్నారు. పత్రికకు ఉత్తరం రాయగలిగినవాడు ముందు వినిపించాడు. ఇది ఆ మహనీయుల తప్పు పట్టడం కాదు, వాళ్లు వదిలిన కాగితాలను చదివే పద్ధతి చెప్పడం.

నిజాం ప్రభుత్వం 1936లో భగేలా ఒప్పందాల మీద ఒక నిబంధన చేసింది. అప్పు తీసుకున్నవాడు అది తీరేదాకా అప్పిచ్చినవాడి పొలంలో పని చేయడం భగేలా. ఆ నిబంధన పేరే చూడండి. భగేలా రద్దు కాదు, భగేలా ఒప్పందాల క్రమబద్ధీకరణ. 'ఒప్పందం' అన్న మాట వాడగానే ఇద్దరు సమానులు ఎదురెదురుగా కూర్చున్నట్టు బొమ్మ కడుతుంది. ఆకలితో వచ్చినవాడు, ధాన్యపు గాదె తాళంచెవి మొలలో దోపుకున్నవాడు ఎదురెదురుగా కూర్చోరు. ఒకడు అరుగు మీద, ఒకడు అరుగు కింద. ఏ దఫ్తరులోని కాగితమూ ఆ అరుగు ఎత్తును నమోదు చేయదు.

ఆ ఎత్తును నమోదు చేసినవి మన నవలలు. వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి' 1955లో వచ్చింది. దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు' 1969లో వచ్చింది. దొర కూతురు కాపురానికి వెళ్తుంటే సామానుతో పాటు పంపిన ఆడబాపను, గడీలో ఆమెకు పుట్టిన పిల్లలకు తండ్రి పేరు లేకపోవడాన్ని రంగాచార్య చూపించినంత సూటిగా ఏ దస్తావేజూ చూపించలేదు. పుచ్చలపల్లి సుందరయ్య 1972లో తెలంగాణ పోరాట చరిత్ర రాస్తూ ఈ ఆచారాన్ని ప్రస్తావించారు. నవల, ఉద్యమ చరిత్ర రెండూ ఒకదానికొకటి సాక్ష్యం చెబుతాయి. అయినా ఈ నవలల మీద నాకొక ఫిర్యాదు ఉంది. వెట్టివాడు వాటిలో బాధపడతాడు, చదువుకున్న నాయకుడు ఆలోచిస్తాడు. 'ప్రజల మనిషి'లో ఆ బరువు కంఠీరవం మీద, 'చిల్లర దేవుళ్లు'లో బయటినుంచి వచ్చిన సంగీతకారుడు పాణి మీద పడుతుంది. వంటవాడిగా, హోటల్లో సర్వరుగా బతుకు వెళ్లదీసిన ఆళ్వారుస్వామి చేతిలో కూడా ఇలా జరగడం ఆలోచించవలసిన విషయం. అప్పటి నవల అన్న రూపమే చదువుకున్న కథానాయకుణ్ణి కోరిందేమో. పాలేరునే చదివించి అధికారిని చేసిన బోయి భీమన్న 'పాలేరు' నాటకం అందుకే నాకు ముఖ్యం. అందులో ఆలోచించే బరువు పాలేరు తన నెత్తినే పెట్టుకున్నాడు.

ఇప్పుడు నేను సాహిత్యంగా చదవమని కోరే ఒక చట్టం గురించి చెబుతాను. రాజ్యాంగం 23వ అధికరణం 1950లో బలవంతపు చాకిరీని నిషేధిస్తూ, ఇంగ్లీషు పాఠంలో కూడా 'బేగార్' అన్న మన దేశపు మాటనే వాడింది. ఇంగ్లీషుకు ఆ బాధ తెలిపే మాట దొరకలేదన్నమాట. పాతికేళ్ల తర్వాత, 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. 1975 అక్టోబరు నుంచే అమలైనట్టు లెక్క. ఆ చట్టంలో 'ఒప్పందం' అన్న మాటకు ఇచ్చిన వివరణలో దాదాపు ముప్ఫయి పేర్ల జాబితా ఉంది. భగేలా ఉంది. జీత ఉంది. పాలేరు ఉంది. వెట్టి ఉంది. హొల్య ఉంది. నిజాం దఫ్తరు మాట, కన్నడ పల్లె మాట, కోస్తా తెలుగు మాట, ఒక కులం పేరు, అన్నీ ఒకే వరుసలో, ఇంగ్లీషు అకారాది క్రమంలో నిలబడ్డాయి. భారతదేశంలో ఈ మాటలన్నీ ఒకే సంతలో వినిపించే చోటు ఏదంటే మన రాయచూరు సరిహద్దే. ఆ జాబితా చదివితే మన జిల్లా జనాభా లెక్క చదివినట్టుంటుంది. హొల్య, చెరుమార్ వంటివి పనుల పేర్లు కావు, కులాల పేర్లు. కులమే చాకిరీ అయిన దేశంలో చట్టం రాసినవాడు కూడా వేరు మాట వెతుక్కోలేకపోయాడు.

అంతకంటే లోతైన విషయం మరొకటి ఉంది. ఈ రకాల చాకిరీ ఎక్కడ కనిపించినా, ఆచారాన్ని బట్టి అప్పిచ్చినవాడికీ పుచ్చుకున్నవాడికీ మధ్య ఒప్పందం ఉన్నట్టే భావించాలని ఆ వివరణ చెబుతుంది. కాగితం చూపించమని కూలివాణ్ణి అడగనక్కరలేదు. పదిహేనవ సెక్షను ఇంకో అడుగు వేసింది. ఇది వెట్టి అప్పు అని కూలివాడంటే, కాదని రుజువు చేసుకోవలసిన భారం అప్పిచ్చినవాడిదే. శతాబ్దాలుగా కాగితం యజమాని ఇంట్లో ఉంది గనక నిజం కూడా అక్కడే ఉందనుకున్నాం. ఈ రెండు వాక్యాలు ఆ నమ్మకాన్ని తలకిందులు చేశాయి. 1982లో ఏషియాడ్ కూలీల కేసులో సుప్రీంకోర్టు, కనీస వేతనం కంటే తక్కువకు పని చేయడం కూడా బలవంతపు చాకిరీయేనని, ఆకలి పెట్టే బలవంతం కూడా బలవంతమేనని చెప్పింది. విమర్శ చేయవలసిన పని కూడా ఇదే. రాతలో లేనిదాన్ని లేదని కొట్టేయకుండా, ఎందుకు లేదో రాత గలవాణ్ణి అడగడం.

ఆ జాబితాలో ఒక లోపం ఉంది. అందులో దాదాపు అన్నీ పొలం చాకిరీలే. ఆడబాప లేదు. బసివి లేదు, జోగిని లేదు. హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మ ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాల్లోనే జోగిని ఆచారానికి వ్యతిరేకంగా పని చేశారు. చట్టాలు కర్ణాటకలో 1982లో, ఆంధ్రప్రదేశ్‌లో 1988లో వచ్చాయి. ఆ ఆడవాళ్ల చాకిరీని దేవుడి పేరుతో వేరే గదిలో పెట్టాం. దేవదాసి అన్న మాటలో 'దేవ' మనకు వినిపించింది, 'దాసి' వినిపించలేదు.

చివరిగా మన సంగతి. మనం ఇక్కడ అల్పసంఖ్యాకులం. మన పత్రికల్లో మన బడి, మన భాష, మనకు జరిగిన అన్యాయం గురించి రాసుకుంటాం, రాసుకోవాలి కూడా. కాని 1953లో తుంగభద్ర నీళ్లు వచ్చాక కోస్తా నుంచి వచ్చి సింధనూరు, మాన్వి, గంగావతి వైపు క్యాంపులు కట్టుకున్న మనవాళ్లు బండ్ల మీద విత్తనాలతో పాటు 'పాలేరు' అన్న మాటను కూడా తెచ్చారు. అంతకు ముందునుంచీ ఇక్కడే ఉన్న మన కరణాల ఇళ్లలో, వ్యాపారుల ఇళ్లలో తెలుగు చిట్టాలు ఉన్నాయి. భాష విషయంలో మనం ఫిర్యాదుదారులం. ఈ చిట్టాల విషయంలో మనలో కొందరం రాతగాళ్లం. ఆ పద్దుల్లో ఎడమవైపు మన అక్షరం, కుడివైపు వాళ్ల వేలిముద్ర. ఈ రెండు స్థానాలనూ ఒప్పుకోకుండా మనం సంస్కరణ గురించి రాస్తే అది సగం చరిత్రే అవుతుంది.

ఆ చిట్టాలు ఇప్పుడు అటకల మీద చెదలు తింటున్నాయి. పాతకాగితాలవాడికి కిలోల లెక్కన వెళ్తున్నాయి. పరువు పోతుందని కొందరు వాటిని తగలబెడతారు కూడా. తార్నాకలోని ఆర్కైవ్స్‌లో ఉర్దూ, ఫార్సీ కాగితాలు చదవడానికి పండితులు కావాలి. మన అటక మీది తెలుగు చిట్టా చదవడానికి మనం చాలు. ఎవరికి ఎంత గాసం కొలిచారు, ఎన్నేళ్ల పాటు అదే పేరు తిరగరాశారు, తండ్రి పేరు కొట్టేసి కొడుకు పేరు ఎప్పుడు వేశారు, ఈ మూడు చూస్తే చాలు, ఒక కుటుంబం ఎంతకాలం కట్టుబడి ఉందో లెక్క తేలుతుంది. ఆ చాకిరీ చేసిన పెద్దలు గాని, వాళ్ల పిల్లలు గాని ఊళ్లో ఉంటే వాళ్లు చెప్పేది కూడా పక్కన రాసి పెట్టండి. తెలుగులో చెబితే తెలుగులో, కన్నడంలో చెబితే కన్నడంలో. ఆ ఇంటి పిల్లలు ఇవాళ గుళే పేరుతో బెంగుళూరుకో హైదరాబాదుకో మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని వెళ్తున్నారేమో అడగండి. అడ్వాన్సు అన్న మాట కూడా ఒకనాటికి ఈ జాబితాలో చేరవలసిందే.

సురవరం వారు రాజుల పేర్లు వదిలి కావ్యాల్లోంచి సామాన్యుల తిండి, బట్ట, ఆట ఏరి చరిత్ర రాశారు. ఆయన కావ్యాల్లో ఏరుకున్నట్టే మనం చిట్టాల్లో ఏరుకోవచ్చు. చిట్టా ఉన్నవారు దాన్ని అమ్మకుండా, కాల్చకుండా ఈ ఒక్క సంవత్సరం ఆగండి. పేర్లు నకలు రాసి పెట్టండి. ముందు చాకిరీ చేసినవాడి పేరు, తర్వాత చేయించుకున్నవాడి పేరు.